వెయ్యి రెట్ల పొరపాటు: పాలీఎసిటిలీన్ ఆవిష్కరణ కథనాలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్కుల ఆవిష్కరణకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ ఆవిష్కరణ ఒక పొరపాటు నుంచి పుట్టిందన్న కథ తరగతి గదుల్లోనూ జనరంజక విజ్ఞాన రచనల్లోనూ స్థిరపడిపోయింది. ఆ కథకున్న భిన్న పాఠాలను, బహుమతి గ్రహీతల నోబెల్ ఉపన్యాసాలను, ఆనాటి పరిశోధన పత్రాల శీర్షికలను, వాటి మీది పేర్లను పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం చేసే పని. 'అదృష్టవశాత్తు జరిగిన పొరపాటు' అనే కథాసూత్రం ప్రయోగశాల నిర్వహణలోని అసలు శ్రమను కప్పివేస్తుందని, ఆ కప్పివేత నేటి పరిశోధక విద్యార్థులకు చేటు చేస్తున్నదని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: సంయుగ్మ పాలిమర్లు, పాలీఎసిటిలీన్, ఆవిష్కరణ కథనం, పాఠభేదం, ప్రయోగశాల నిర్వహణ, ప్రయోగ నమోదు.

ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి లేఖకదోషం కొత్త సంగతి కాదు. ఒక అక్షరం జారిపోతుంది, అర్థం మారుతుంది. తరువాతి లేఖకుడు మారిన అర్థానికి తగినట్టు పక్క పదాన్ని కూడా సవరిస్తాడు. కొన్నాళ్లకు దోషమే పాఠమై కూర్చుంటుంది. దోషాన్ని తొలగించడంతో పరిష్కర్త పని తీరదు. అది ఎక్కడ, ఎవరి చేతిలో, ఎందువల్ల పుట్టిందో కూడా అతడు నిర్ధారించాలి.

ఇరవయ్యో శతాబ్దపు రసాయనశాస్త్రంలో ఇలాంటి ఒక లేఖకదోషానికి ప్రపంచప్రసిద్ధి ఉంది. 1967 శరత్కాలంలో, టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇకెడా పరిశోధక బృందంలో ఒక ప్రయోగం జరిగింది. ఎసిటిలీన్ వాయువును పాలిమర్‌గా మార్చడానికి వాడే ఉత్ప్రేరకం వాడవలసిన దానికి సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. 'మిల్లీమోల్' అన్న చోట 'మిల్లీ'ని సూచించే ఒక్క అక్షరం లేకుండా పోవడం దీనికి కారణమని చెబుతారు. నల్లని పొడి రావలసిన పాత్రలో, ద్రావణం ఉపరితలం మీద, చిరుగులతో కూడిన ఒక పొర తేలింది. ఆ పొర నుంచే పదేళ్ల తరువాత వాహక పాలిమర్లు వచ్చాయి. ఆ తరువాత నోబెల్ బహుమతి వచ్చింది.

సాహిత్య విమర్శకులకు ఇందులో ఏం పని అన్న ప్రశ్న సహజం. నోబెల్ ఉపన్యాసం శాస్త్రవిషయమే అయినా రచనగా అది ఆత్మకథాత్మక కథనం. అందులో కథకుడున్నాడు, పాత్రలున్నాయి, వస్తువును ఎంచుకోవడంలో పాటించిన ఔచిత్యం ఉంది, వదిలివేసిన ఘట్టాలున్నాయి. ఆత్మకథలను చదివే పద్ధతిలోనే దీనినీ చదవవచ్చు, చదవాలి కూడా.

వస్తు పరిచయం

విషయం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కర్బన పరమాణువుల గొలుసులో ఏకబంధం, ద్విబంధం ఒకదాని తరువాత ఒకటి వస్తూ పోతే దానిని సంయుగ్మ వ్యవస్థ అంటారు. ఛందస్సు తెలిసినవారు గురువు, లఘువు, గురువు, లఘువు అంటూ ఎడతెగకుండా సాగే పాదాన్ని ఊహించుకోవచ్చు. ఈ గొలుసులో బంధాలన్నీ సమానమైన పొడవుతో ఉంటే అది లోహంలా ప్రవర్తించి ఉండేది. పొట్టి, పొడుగు అనే హెచ్చుతగ్గు ఉండటం వల్లనే అది అర్ధవాహకంగా మిగిలిపోతుంది. బ్రోమిన్, అయొడిన్ వంటి పదార్థాన్ని కొద్దిగా తగిలిస్తే అది గొలుసు నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది, దానితో ఆవేశం గొలుసు వెంట కదలడం మొదలవుతుంది. దీనినే డోపింగ్ అంటున్నాం. ఇలాంటి గొలుసులలో అతి సరళమైనది పాలీఎసిటిలీన్. దానిని 1958లోనే ఇటలీకి చెందిన జూలియో నట్టా పొడి రూపంలో తయారు చేశాడు. ఆ పొడి కరగదు, పొరగా పరచడానికి వీలు కాదు. కొలతలకు లొంగని ఆ పదార్థంపై చాలామందికి ఆసక్తి పోయింది. ఇకెడా బృందం మాత్రం పాలిమర్ ఏర్పడే క్రమాన్ని తెలుసుకోవడానికి దానిని పట్టుకుని ఉంది.

పొరపాటు ఎవరిది? పాఠభేదాల పరిశీలన

ఈ కథ కనీసం మూడు పాఠాలలో కనిపిస్తుంది. మొదటిది హిదెకి షిరకావా చెప్పినది. నోబెల్ ఉపన్యాసంలో ఆయన ఆ ఘటనను కలిసివచ్చిన ఒక పొరపాటుగా పేర్కొని ఒకటి రెండు వాక్యాలలో దాటిపోతాడు. ఇతర సందర్భాలలో మాత్రం కొంత వివరిస్తాడు: తాను రాసిచ్చిన సూచనలలో ఆ అక్షరాన్ని తానే వదిలి ఉండవచ్చు, లేదా కొరియా నుంచి వచ్చిన పరిశోధకుడు ప్యున్ దానిని తప్పుగా చదివి ఉండవచ్చు. ఈ రెండు అవకాశాల మధ్య ఆయన తీర్పు చెప్పడు. సూచన రాసింది తాను, ప్రయోగం చేసింది అతిథి కాబట్టి తప్పు ఇద్దరి మధ్యనే ఎక్కడో ఉందని ఒప్పుకుని ఆగిపోతాడు. ప్రయోగశాలలో పెద్దవాడు చూపవలసిన సంస్కారం అది.

రెండవది సంస్థాగత పాఠం. బహుమతి సందర్భంలో వెలువడిన పరిచయ రచనల ధోరణి ఇది. 'పొరపాటున వెయ్యి రెట్లు ఉత్ప్రేరకం చేరింది' అన్న తీరులో వాక్యం నడుస్తుంది. కర్త లేడు, క్రియ ఒక్కటే ఉంది. మూడవది జనశ్రుతి. ఇందులో 'భాష సరిగా రాని ఒక విదేశీ విద్యార్థి' ప్రవేశిస్తాడు. ప్యున్ పేరు పోయింది, పరిశోధకుడు విద్యార్థి అయ్యాడు, షిరకావా తన మీద వేసుకున్న సగం బాధ్యత పూర్తిగా ఆ అనామకుడి మీదికి మళ్లింది.

పాఠ పరిష్కరణ సూత్రం ప్రకారం, ప్రచారం ఎక్కువ ఉన్న పాఠమే ప్రామాణికం కానక్కరలేదు. మూడవ పాఠానికి ప్రచారం రావడానికి కారణం కథాకథన సౌలభ్యమే. అమాయకుడి తప్పు, పండితుడి చూపు, చివరికి ఐశ్వర్యం! జానపద కథల చట్రం ఇది. ఆ చట్రంలో ఇమిడేందుకు ఒక వ్యక్తి తన పేరునూ హోదానూ కోల్పోవలసి వచ్చింది. నా అభ్యంతరం అక్కడే.

పొరపాటును మళ్లీ చేయడం

షిరకావా ఉపన్యాసంలో నా దృష్టిని ఆపినది పొరపాటును ప్రస్తావించిన వాక్యం కాదు, దానిని అనుసరించే వాక్యం. ఆ పొరపాటును పునరావృతం చేయడానికి ఒక ప్రయోగ పరంపర జరిపాకే ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు పడిందని గుర్తించామని ఆయన అంటాడు. కథ చెప్పేవారందరూ దాటిపోయే వాక్యం ఇదే. వెయ్యి రెట్లు అన్న సంగతి ఆ రోజున ఎవరికీ తెలియదు. ఆనాడు వారి చేతిలో ఉన్నది ఒక చిరిగిన పొర, ఒక చెడిన ప్రయోగం. దానిని పారబోసి సరైన కొలతతో మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కాదు.

పొరపాటును మళ్లీ చేయడమంటే ఏమిటో గ్రహించాలంటే ఆ ఉత్ప్రేరకం స్వభావం తెలియాలి. అందులోని ట్రైఎథైల్ అల్యూమినియం గాలి తగిలితే భగ్గున మండుతుంది. ఎసిటిలీన్ పేలుడు స్వభావం కల వాయువు. గాలిని పూర్తిగా తొలగించిన గాజు వ్యవస్థలో, జడవాయువు రక్షణలో, ఒక్కొక్క పరిస్థితినీ మార్చి చూస్తూ పోవాలి: ఉష్ణోగ్రతా, పీడనమా, కలియబెట్టడం ఆగిపోయిందా, గాఢతా? కారణం తేలిన తరువాత దానిని పద్ధతిగా మార్చడానికి ఇంకా సమయం పట్టింది. సున్నకు 78 డిగ్రీల దిగువన తయారైన పొర రాగి రంగులో ఉంటుందని, అధిక ఉష్ణోగ్రతలో తయారైనది వెండిలా మెరుస్తుందని, మొదటిది సిస్ రూపమని, రెండవది ట్రాన్స్ రూపమని తేలడం ఆ ఓపిక ఫలితమే.

ఇతో, షిరకావా, ఇకెడాల పేర్లతో ఆ పద్ధతిని వివరించే పత్రం 1974లో వెలువడింది. దాని శీర్షిక గాఢమైన ఉత్ప్రేరక ద్రావణపు ఉపరితలం మీద పాలిమరీకరణం, పొర నిర్మాణం ఏకకాలంలో జరగడం గురించి చెబుతుంది. 'గాఢమైన' అన్న ఆ విశేషణం దగ్గర ఆగాలి. 1967లో జారిపోయిన అక్షరం ఏడేళ్లకు ఒక విశేషణంగా తిరిగివచ్చింది. దోషం పాఠమైంది. అయితే ఇక్కడ లేఖకుడి అలక్ష్యం వల్ల అలా జరగలేదు, పరిష్కర్త నిర్ధారణ వల్ల జరిగింది. రచయితల జాబితాలో ప్యున్ పేరు లేదు.

కనిపించినా గుర్తుకందనిది

అదృష్టవాదానికి ఎదురు నిలిచే మరొక ఘట్టం షిరకావా ఉపన్యాసంలోనే ఉంది. టోక్యోలో ఉండగానే ఆయన ఈ పొరలకు క్లోరిన్, బ్రోమిన్ తగిలించాడు. గ్రాఫైట్ వంటి పదార్థాన్ని తయారు చేయగలమేమోనన్న ఆలోచన ఆ ప్రయత్నం వెనుక ఉంది. హాలోజన్ తగిలిన తొలిదశలోనే పొర పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా అడ్డుకోవడం ఆయన గమనించాడు. ఆ మార్పు వాహకత్వం పుట్టిందనడానికి గుర్తు అని తెలిసింది చాలా తరువాత. అంటే డోపింగ్ అప్పటికే జరిగిపోయింది. దానిని అడగవలసిన ప్రశ్న ఆ గదిలో లేదు. అది పాలిమరీకరణ విధానాన్ని, నిర్మాణాన్ని శోధించే ప్రయోగశాల. విద్యుత్ కొలతలు దాని దినచర్యలో భాగం కాదు.

ఆ ప్రశ్న మరొకచోట ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త అలన్ మక్‌డయర్మిడ్, భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్ అప్పటికే కలిసి పనిచేస్తున్నారు. వారి స్నేహం కూడా ఒక పాఠదోషంతోనే మొదలైందని చెప్పుకుంటారు. గంధకం, నైట్రోజన్ కలిసిన పాలిమర్ గురించి హీగర్ మాట్లాడుతుంటే, ఆ రెండు అక్షరాలను మక్‌డయర్మిడ్ తగరం సంకేతంగా విన్నాడట. బంగారు రంగులో మెరిసే ఆ పాలిమర్ గురించే ఆయన 1975లో టోక్యోలో ఉపన్యసించాడు. తరువాత తేనీరు తాగుతుండగా షిరకావా తన వెండి రంగు పొరను చూపాడు. మక్‌డయర్మిడ్ ఆయనను ఫిలడెల్ఫియాకు ఆహ్వానించాడు. ఈ తేనీటి ఘట్టం కూడా ఐతిహ్యంలో స్థిరపడింది. ఆ ఆహ్వానాన్ని నిజం చేయడానికి అమెరికా నౌకాదళ పరిశోధనా కార్యాలయం నుంచి అదనపు నిధి తేవలసి వచ్చిందన్న సంగతికి మాత్రం అంత ప్రచారం లేదు. ప్రయోగశాల నడిపినవారికి ఈ రెండింటిలో ఏది కష్టమో చెప్పనక్కరలేదు.

ఫిలడెల్ఫియాలో మొదట జరిగింది శుద్ధి. పొరను ఎంత శుద్ధి చేస్తే వాహకత్వం అంత తగ్గింది. మామూలు తర్కానికి ఇది నిరాశ కలిగించే ఫలితం. మక్‌డయర్మిడ్ దానిని తిరగవేసి చదివాడు: మాలిన్యమే విద్యుత్తును మోస్తున్నదేమో! గంధకం-నైట్రోజన్ పాలిమర్‌కు బ్రోమిన్ తగిలిస్తే వాహకత్వం పెరిగిన అనుభవం వారికి ఉండనే ఉంది. 1976 నవంబరు 23న షిరకావా, హీగర్ బృందంలోని పరిశోధకుడు చ్వాన్ చియాంగ్ కలిసి నాలుగు తీగల పద్ధతిలో కొలుస్తూ పొరకు లవలేశం బ్రోమిన్ తగిలించారు. వాహకత్వం ఒక్కసారిగా కోటి రెట్లు పెరిగింది. ఇక్కడ తేదీ ఉంది, మనుషుల పేర్లున్నాయి, కొలిచిన పద్ధతి ఉంది. 1967 నాటి ఘట్టానికీ దీనికీ కథనంలో ఉన్న తేడా అదే. ఒకటి ఐతిహ్యంగా మిగిలింది, మరొకటి చరిత్ర అయింది. ఆ తేడాను తెచ్చిపెట్టింది నమోదు.

పేర్ల వరుస

ముగ్గురి నోబెల్ ఉపన్యాసాల శీర్షికలను కలిపి చదివితే ఎవరు దేనిని కథావస్తువుగా భావించారో తెలుస్తుంది. షిరకావా శీర్షికలో పాలీఎసిటిలీన్ పొర ఆవిష్కరణ ఉంది. మక్‌డయర్మిడ్ శీర్షికలో 'కృత్రిమ లోహాలు' అన్న భావన ఉంది. హీగర్ శీర్షిక వీటిని పాలిమర్ పదార్థాలలో నాలుగవ తరంగా ప్రకటిస్తుంది. ఒకరు వస్తువు దగ్గర, ఒకరు భావన దగ్గర, ఒకరు యుగవిభజన దగ్గర నిలబడ్డారు. యుగవిభజన చేసే రచనలో చేతులకు చోటు తక్కువ. సాహిత్య చరిత్రలు రాసేవారికి ఈ ఇబ్బంది తెలిసిందే.

1977లో వెలువడిన తొలి పత్రం మీద ఐదు పేర్లున్నాయి: షిరకావా, లూయీ, మక్‌డయర్మిడ్, చియాంగ్, హీగర్. అదే ఏడాది భౌతికశాస్త్ర పత్రికలో వచ్చిన పత్రం మీద ఎనిమిది. అందులో చియాంగ్‌ది మొదటి పేరు. నోబెల్ నియమం ప్రకారం ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరాదు. ఎనిమిది మందిని ముగ్గురిగా కుదించడం ఆ నియమం పని. ఆ కుదింపును చరిత్రగా పొరబడటం మాత్రం పాఠకులమైన మన తప్పు.

వెనక్కి చూసినా అంతే. 1954లోనే జపానులో అకమాటు, ఇనోకుచి, మత్సునాగా పెరిలీన్-బ్రోమిన్ సంయోగం వాహకత్వాన్ని చూపారు. 1963లో ఆస్ట్రేలియాలో వైస్ బృందం అయొడిన్ కలిసిన పాలీపిర్రోల్ వాహకత్వాన్ని ప్రకటించింది. ఫ్రాన్సులో బ్యువే, జోజెఫోవిచ్ పాలీఎనిలీన్ మీద పనిచేశారు. ఇవి రహస్యాలు కావు, అచ్చయిన పత్రాలు. అయినా 'ఒక పొరపాటు నుంచి పుట్టింది' అన్న ఆరంభవాక్యం వీటన్నిటినీ ఒక్క దెబ్బతో పూర్వచరిత్ర లేని చీకటిలోకి నెట్టింది. బహుమతి ప్రశంసలో 'ఆవిష్కరణ, అభివృద్ధి' అని రెండు మాటలున్నాయి. ఈ రెండింటిలో రెండవ మాటే మరింత కచ్చితమైనదని నా అభిప్రాయం.

నమోదు లేని ప్రయోగశాల

దీనికి ప్రతికథ కూడా ఇదే రంగంలో దొరుకుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన యాన్ హెన్‌డ్రిక్ షోన్ సంయుగ్మ కర్బన స్ఫటికాల మీద అద్భుతమైన ఫలితాలను వరుసగా ప్రకటించాడు. ఎన్నో విశ్వవిద్యాలయాల విద్యార్థులు వాటిని మళ్లీ రాబట్టడానికి ప్రయత్నించి విఫలమయ్యారు. తప్పు తమ చేతులదేననుకున్నారు. వేరువేరు పదార్థాలకు సంబంధించినవిగా చూపిన రేఖాచిత్రాలలో ఒకే సంకేతరవం పునరావృతమవుతున్నదని కొందరు గమనించాక విచారణ జరిగింది. 2002 సెప్టెంబరులో వెలువడిన నివేదిక 24 ఆరోపణలలో 16 సందర్భాలలో దుష్ప్రవర్తన జరిగిందని తేల్చింది. క్రమబద్ధమైన ప్రయోగ పుస్తకాలు లేవు. మూలదత్తాంశాలు చాలావరకు చెరిపివేసి ఉన్నాయి. పరీక్షించడానికి పనిచేసే నమూనా మిగలలేదు.

షిరకావా కథనూ షోన్ కథనూ నీతికథల జంటగా చూపడం నా ఉద్దేశం కాదు. రెండు చోట్లా ఫలితం అసాధారణమే. ఒకచోట తప్పు నుంచి వచ్చిన పొరను తప్పుతో సహా మళ్లీ తయారు చేయగలిగారు. మరొకచోట ఒప్పుగా ప్రకటించిన దానిని దాని కర్త కూడా మళ్లీ చూపలేకపోయాడు. ఆవిష్కరణ కథనాలు ఈ తేడాను చెప్పవు. వాటికి కావలసింది ఆశ్చర్యం. ఆశ్చర్యం ఇద్దరి కథల్లోనూ సమానంగానే ఉంది.

నేటి ప్రయోగశాల, మన విద్యార్థి

సౌరఘటాల కోసం, ట్రాన్సిస్టర్ల కోసం సంయుగ్మ పాలిమర్లను తయారు చేసే పని నేడు మన దేశంలోనూ విస్తృతంగా సాగుతున్నది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పాలీఎనిలీన్ మీద చాలాకాలంగా పరిశోధనలు జరిగాయి. ఈ పని దినచర్యలో ఆశ్చర్యానికి చోటు తక్కువ. ద్రావకంలోని తేమను తొలగించాలి. రెండు మోనోమర్లను సమాన సంఖ్యలో తూచాలి. ఆ సమానతలో ఒక్క శాతం తేడా వచ్చినా, చర్య పూర్తిగా జరిగిన తరువాత కూడా గొలుసు సగటు పొడవు 200 ఘటకాలను చేరదు. వచ్చిన పాలిమర్‌ను సాక్స్‌లెట్ పరికరంలో ఒక్కొక్క ద్రావకంతో రోజుల తరబడి కడగాలి. పల్లాడియం, తగరం అవశేషాలు మిగిలితే విద్యుత్ ధర్మాలు మారిపోతాయి. ఒకే పేరు, ఒకే నిర్మాణం ఉన్న పాలిమర్ ఈ విడతలో ఒకలా, తరువాతి విడతలో మరొకలా ప్రవర్తించడం ఈ రంగంలో అందరికీ అనుభవమే. అయినా పత్రాలలో అచ్చయ్యేది తరచుగా అత్యుత్తమ విలువ. ఎన్ని ఘటాలు చేస్తే అది వచ్చిందో, మిగతావి ఏమయ్యాయో చెప్పే అలవాటు ఆలస్యంగా, పత్రికలు ఒత్తిడి తెచ్చిన తరువాత వస్తున్నది.

ఐదేళ్ల ఫెలోషిప్ గడువులో పనిచేసే విద్యార్థికి 'పొరపాటు నుంచి నోబెల్' అన్న కథను మనం ప్రోత్సాహం కోసం చెబుతాం. ఆ కథలో అతడికి అందేది ఏమిటి? అదృష్టం తలుపు తట్టినప్పుడు గుర్తుపట్టమన్న సలహా. పొరపాటు జరిగిన రోజున ఏమి రాయాలో, ఎలా రాయాలో, దానిని గురువుకు చెబితే ఏమవుతుందో ఆ కథ చెప్పదు. ప్యున్‌కు పట్టిన అనామకత్వాన్ని చూసిన విద్యార్థి పొరపాటును దాచడమే క్షేమమనుకుంటే అతడిని తప్పుపట్టలేం.

చాలా ఏళ్ల క్రితం నేను కొంతకాలం గడిపిన ఒక ప్రయోగశాలలో ఇటువంటి ఘటన జరిగింది. ఒక పరిశోధక విద్యార్థిని చేసిన పాలిమరీకరణంలో పాత్ర అడుగున ఎర్రని జిగురు ముద్ద గడ్డకట్టింది. ఏ ద్రావకంలోనూ కరగలేదు. వారాంతపు సమావేశంలో చూపడానికి ఏమీ లేదు. ఖరీదైన మోనోమర్ పాడుచేసినందుకు అందరి ముందు మాట పడింది. ఆమె ప్రయోగ పుస్తకంలో 'విఫలం' అని రాసి పాత్ర కడిగేసింది. కొన్ని నెలల తరువాత మరొక విద్యార్థికి అదే ముద్ద వచ్చింది. ఈసారి సీనియర్ ఒకరు కూర్చుని వెనక్కి లెక్క కట్టారు. మోనోమర్ శుద్ధి అంతకుముందుకంటే బాగా కుదిరింది, తూకాలు సరిగ్గా సరిపోయాయి, అందువల్ల గొలుసులు ఊహించని పొడవుకు పెరిగి కరగకుండా పోయాయి. చర్యను ముందుగా ఆపితే కావలసిన పాలిమర్ దొరికింది. మొదటి ముద్ద కూడా అలాగే ఏర్పడిందా అని చూద్దామని ఆమె పాత పుస్తకం తెరిచారు. ఆ పుటలో తేదీ ఉంది, 'విఫలం' అన్న మాట ఉంది, దాని కింద ఆమె సంతకం ఉంది. తూకాలు లేవు.